డైట్ తప్పిన రోజులు, ఆ మర్నాడు: నా పదకొండు నెలల అనుభవం

2024 డిసెంబర్ 30న రక్త పరీక్ష రిపోర్టు వచ్చింది. మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2, పరగడుపున చక్కెర 112. అప్పటికి నాకు 44 ఏళ్లు, బరువు 78.4 కిలోలు. డాక్టర్ గారు రిపోర్టు చూసి, "5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్ అంటాం. 6.5, ఆపైన ఉంటే షుగర్ వచ్చినట్టే. మీకింకా టైముంది, ఇప్పుడే మందు రాయను. తిండి మార్చుకోండి, రోజూ నడవండి, మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం" అన్నారు. మొత్తం ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. బయటికొచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. షుగర్ వల్ల మా నాన్నగారి కాలి వేలు తీసేసిన రోజు కళ్ల ముందు తిరిగింది. ఆ భయంతోనే మొదలుపెట్టాను. ఆ భయమే మొదటి మూడు నెలలూ నన్ను తప్పుదారి పట్టించిందని తర్వాత తెలిసింది.

జనవరి 6, సోమవారం డైట్ మొదలైంది. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక పట్టిక తీసుకున్నాను. రోజుకు 1,100 కేలరీలు. తీపి లేదు, వేపుడు లేదు, రాత్రి ఏడు తర్వాత ఏమీ లేదు. రెండు డబ్బాల ప్రోటీన్ పౌడర్, డైట్ బిస్కెట్లు కొన్నాను. కేలరీలు లెక్కపెట్టే యాప్‌కి ఏడాది చందా కట్టేశాను. ఒక కొత్త నోట్‌బుక్ కొని, పేజీకి ఒక రోజు చొప్పున తారీఖులు ముందే వేసుకున్నాను. ఈ కథలో ఆ నోట్‌బుక్ గురించి చాలాసార్లు చెప్పాల్సి వస్తుంది.

మొదటి పది రోజుల్లో 2.5 కిలోలు తగ్గాను. జనవరి 16 ఉదయం మెషీన్ 75.9 చూపించింది. అక్కకి ఫోన్ చేసి చెప్పాను. ఇంత తేలికైన పనిని ఇన్నేళ్లూ ఎందుకు వాయిదా వేశానా అనిపించింది.

మర్నాడే ఆఫీసులో ఒకరి వీడ్కోలు. సాయంత్రం నాలుగున్నరకి కేకు కోశారు. ఆ మధ్యాహ్నం నేను తిన్నది ఒక గిన్నెడు పచ్చి కూరగాయ ముక్కలు మాత్రమే. "ఒక్క ముక్కే కదా, తీసుకోండి" అని ప్లేటు చేతిలో పెట్టారు. తిన్నాను. ఆ ముక్క గురించి నాకు ఇప్పుడు బాధ లేదు. అది తిన్న మరుక్షణం నా బుర్రలో ఏం జరిగిందో అది చెప్పాలి. 'అయిపోయింది, ఈ రోజు పోయింది' అనుకున్నాను. పోయిన రోజే కదా అని రెండో ముక్క తిన్నాను. ఇంటికొచ్చే దారిలో ఐస్‌క్రీమ్. రాత్రి మా అమ్మాయి బిస్కెట్ల ప్యాకెట్. శనివారం లేవగానే, సోమవారం నుంచి మళ్లీ గట్టిగా మొదలుపెడదాం అని తీర్మానించుకున్నాను. సోమవారం నుంచి ఇవేవీ ఉండవు కాబట్టి ఇప్పుడే తినేయాలన్నట్టు రెండు రోజులు తిన్నాను. నాకు పెద్దగా ఇష్టం లేనివి కూడా తిన్నాను.

జనవరి 20 ఉదయం బరువు 77.8. మూడు రోజుల్లో దాదాపు రెండు కిలోలు. బాత్రూమ్ తలుపు వేసుకుని ఏడ్చాను. పది రోజులు కడుపు మాడ్చుకున్నదంతా గంగలో కలిసిందని నిజంగానే నమ్మాను.

ఇది ఎంత తప్పుడు లెక్కో ఇక్కడే చెప్పేస్తాను. ఈ విషయం నాకు ఆ రోజే తెలిసి ఉంటే మూడు నెలలు మిగిలేవి. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. రెండు కిలోల కొవ్వు పెరగాలంటే మామూలు అవసరానికి మించి 15,000 కేలరీలకు పైగా తినాలి. ఎంత తిన్నా మూడు రోజుల్లో నేనంత తినలేదు. శరీరం పిండి పదార్థాన్ని గ్లైకోజన్ అనే రూపంలో కాలేయంలో, కండరాల్లో దాచుకుంటుంది. ఒక్కో గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. దానికి ఉప్పు ఎక్కువ తిన్నప్పుడు నిలిచే నీరు తోడు. మొదటి పది రోజుల్లో తగ్గిన 2.5 కిలోల్లో ఎక్కువ భాగం ఈ నీరే, మూడు రోజుల్లో తిరిగొచ్చిందీ అదే. అంటే నేను మురిసిపోయిందీ నీటిని చూసే, ఏడ్చిందీ నీటిని చూసే.

ఆ సోమవారం ఇవేవీ తెలియవు. శిక్షగా ఉదయం, మధ్యాహ్నం ఏమీ తినలేదు. మంగళవారం కూడా అంతే. గురువారం సాయంత్రం, అంటే జనవరి 23న, వంటగదిలో నిలబడే, ప్లేటు కూడా పెట్టుకోకుండా కనిపించినవన్నీ తిన్నాను. మళ్లీ సోమవారం కోసం ఎదురుచూపు. ఫిబ్రవరి 3న మళ్లీ మొదలు, ఫిబ్రవరి 24న మళ్లీ మొదలు, మధ్యలో పేరుకి మొదలైనవి ఇంకెన్నో. తప్పిన రోజున నోట్‌బుక్ తెరవాలంటే చేతులు రావు. ఆ పేజీ అలా ఖాళీగా వదిలేసేదాన్ని. యాప్ అయితే ఎర్ర రంగులో 'మీ పరిమితి దాటింది' అని చూపించేది. కొన్నాళ్లకి దాన్ని తెరవడమే మానేశాను. ఏడాది చందా వెనక్కి రాలేదు.

మార్చి 31న రెండో పరీక్ష. హెచ్‌బీఏ1సీ మళ్లీ 6.2. బరువు 78.1. మూడు నెలలు నేను పడ్డ కష్టానికి అక్కడ ఒక్క గుర్తు కూడా లేదు. డాక్టర్ గారు తిడతారనుకున్నాను, తిట్టలేదు. "పెరగలేదుగా, అదీ ముఖ్యమే. ఒంటరిగా వద్దు, డైటీషియన్‌ని కలవండి" అని చీటీ రాసిచ్చారు. అపాయింట్‌మెంట్ దొరికింది 16 రోజుల తర్వాత. ఆ 16 రోజుల్లో రెండుసార్లు దాన్ని రద్దు చేయబోయాను. కారణం వింటే ఆశ్చర్యపోతారేమో. ముందు ఒక రెండు కిలోలు తగ్గి, ఆ తర్వాత వెళ్తే బాగుంటుందనిపించింది. ఇలా అనుకున్నది నేనొక్కదాన్నే కాదని, వచ్చేవాళ్లలో చాలామంది ఇదే మాట చెప్తారని తర్వాత ఆ డైటీషియనే అన్నారు.

ఏప్రిల్ 16, బుధవారం. మొదటి మాట్లాడటం 50 నిమిషాలు సాగింది. నేను నోట్‌బుక్ తీసి బాగా పాటించిన రోజులు చూపించబోయాను. ఆవిడ పేజీలు తిప్పుతూ, "ఇవన్నీ బాగున్నాయండీ. మరి ఈ ఖాళీ పేజీల్లో ఏముంది?" అన్నారు. నాకు గొంతు పెగల్లేదు. ఆవిడ తొందరపెట్టలేదు. ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. జనవరి 6 నుంచి అంతకు ముందు రోజు దాకా సరిగ్గా 100 రోజులు. అందులో ఖాళీ పేజీలు 61.

"ఈ 61 రోజుల్లో అదుపు తప్పి తిన్నవి ఎన్ని, గుర్తున్నంతవరకు చెప్పండి" అన్నారు. ఫోన్‌లో ఫొటోలు, మెసేజీలు, ఆఫీసు క్యాలెండర్ చూసుకుంటూ గుర్తు చేసుకున్నాను. 14 వచ్చాయి. ఇంకో రెండు మూడు మర్చిపోయి ఉండొచ్చు. మరి మిగిలిన 47 రోజులు? అవన్నీ సోమవారం కోసమో, ఒకటో తారీఖు కోసమో ఎదురుచూసిన రోజులు. ఆ రోజుల్లో నాకు పెద్ద కోరికలేమీ కలగలేదు. డైట్ 'లేదు' కాబట్టి తిన్నానంతే. ఆ రెండు అంకెలూ కాగితం మీద పక్కపక్కన చూశాక చాలాసేపు మాట్లాడలేకపోయాను. నాకు నోటి మీద అదుపు లేదని, బలహీనురాలినని మూడు నెలలుగా నన్ను నేను తిట్టుకుంటున్నాను. వంద రోజుల్లో 14 రోజులు తప్పిన మనిషిని బలహీనురాలు అనలేం కదా.

ఆవిడ రెండు మాటలు వాడారు: జారడం, పడిపోవడం. కాలు జారితే నిలదొక్కుకుని నడుస్తాం, జారాను కాబట్టి ఇక్కడే కూర్చుండిపోతాను అనం. తాగుడు మాన్పించే చికిత్సలో అలన్ మార్లట్ అనే మానసిక శాస్త్రవేత్త ఈ తేడాని పట్టుకున్నారట. ఒక్కసారి తప్పాక 'నా వల్ల కాదు' అనే అపరాధ భావమే మనిషిని పూర్తిగా వెనక్కి లాగేస్తుందని ఆయన చెప్పారు. తిండి విషయంలో 1975లో వచ్చిన ఒక ప్రయోగం గురించి కూడా విన్నాను. నోరు కట్టుకుని ఉండే అలవాటున్నవాళ్లకి ముందు మిల్క్‌షేక్ తాగించి, తర్వాత ఐస్‌క్రీమ్ ఎంతైనా తినమన్నారు. మిల్క్‌షేక్ తాగారు కాబట్టి తక్కువ తినాలి. కానీ అది తాగనివాళ్ల కంటే ఎక్కువ తిన్నారు. వింటుంటే ఆఫీసులో కేకు, దారిలో ఐస్‌క్రీమ్ కళ్ల ముందు కదిలాయి. నా ఒక్కదాని లోపం అనుకున్నది ఇంతమందిలో ఉందా అని ఎంత ఊరట కలిగిందో చెప్పలేను.

ఆ రోజు ఆవిడ నాకిచ్చిన పనులు మూడే. కేలరీలు 1,100 నుంచి 1,500కి పెంచారు. బరువు తగ్గడానికి వెళ్తే తిండి పెంచుతారని నేను ఊహించలేదు, భయపడ్డాను కూడా. రెండోది, తప్పిన రోజున తప్పకుండా రాయాలి. ఏం తిన్నాను అన్నదే కాదు, ఎన్ని గంటలకు, అంతకు ముందు ఎప్పుడు తిన్నాను, రాత్రి ఎంతసేపు నిద్రపోయాను, పక్కన ఎవరున్నారు. మూడోది, తప్పిన తర్వాత వచ్చే భోజనం మామూలుగా, మామూలు వేళకి తినాలి. మానేయకూడదు, తగ్గించకూడదు. చెప్పడానికి చిన్నదిగా ఉంటుంది గానీ, నాకు అన్నిటికంటే కష్టమైంది ఈ మూడోదే. రాత్రి ఎక్కువ తిన్న మర్నాడు ఉదయం ప్లేటు ముందు కూర్చుంటే, తినే అర్హత నాకు లేదన్నట్టు ఉండేది. మొదటి రెండు మూడుసార్లు బలవంతాన తిన్నాను.

నాలుగు వారాల తర్వాత, మే 14న నోట్‌బుక్ పట్టుకుని వెళ్లాను. ఒక్క పేజీ కూడా ఖాళీ లేదు. తప్పినవి 9. వాటిలో 7 సాయంత్రం నాలుగున్నర, ఏడు గంటల మధ్యలో. ఆ ఏడింటిలో ఆరు, మధ్యాహ్నం పని ఒత్తిడిలో ఏదో కొంచెం తినేసిన రోజులు. నాలుగు, ముందు రాత్రి ఆరు గంటలు కూడా నిద్ర లేని రోజులు. నేను ఇన్నాళ్లూ సాయంత్రం నా మనసుతో యుద్ధం చేస్తున్నాను. అసలు ఓటమి మధ్యాహ్నం ఒంటిగంటకే జరిగిపోతోంది. అప్పటి నుంచి మధ్యాహ్నం ప్లేటులో గుడ్డో, పప్పో, ఇంకేదైనా ప్రోటీన్ ఉండేలా చూసుకున్నాను. నాలుగు గంటలకు ఒక పండు, గుప్పెడు గింజలు. నాలుగింటికి ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. ఆకలి వేసినా వేయకపోయినా తినేదాన్ని. ఆకలి బాగా వేశాక ఎంచుకునే శక్తి నాకు ఉండదని ఒప్పుకోవడమే ఇది.

ఈ నెలలోనే వంటింటి త్రాసు కొన్నాను. మొత్తం ఖర్చులో బాగా పనికొచ్చిన వస్తువు ఇదే. ఒక పెద్ద చెంచా నూనె వేస్తున్నాననుకున్నాను, తూచి చూస్తే మూడు పెద్ద చెంచాలు. ఒక పెద్ద చెంచా నూనె సుమారు 14 గ్రాములు, 120 కేలరీలు. అంటే రోజూ నాకు తెలియకుండానే 240 కేలరీలు అదనం. నేను ఏడ్చిన కేకు ముక్క నెలకొకటి, ఈ నూనె ప్రతి రోజూ. త్రాసుని రెండు నెలలు వాడాను, ఆ తర్వాత కంటికి కొలత అలవాటైంది, అలమరలో పెట్టేశాను.

ఇంట్లోవాళ్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే తప్పిన రోజుల్లో కొన్ని అక్కడి నుంచే వచ్చాయి. మా ఆయన నేను ప్లేటు ముందు కూర్చోగానే, "ఇది నువ్వు తినొచ్చా?" అని అడిగేవారు. నా మీద ప్రేమతోనే. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ, ఆయన లేనప్పుడు తినాలనిపించేది. మే చివర్లో ఒక రాత్రి కూర్చుని చెప్పాను. "మీరు అలా అడిగితే నేను దాచుకుని తింటున్నాను. దయచేసి అడగొద్దు" అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. "నీ మంచికే కదా చెప్తున్నాను, మరి నేనేం చేయాలి?" అన్నారు. "సాయంత్రం నాతో పాటు నడవండి, తిండి గురించి మాట్లాడకండి" అన్నాను. నాలుగు రోజులు మౌనంగా నడిచాం. ఆ తర్వాత మాటలు వచ్చాయి. ఇప్పటికీ నడుస్తున్నాం.

జూన్ మొదటి వారం. మూడు వారాలుగా బరువు 75.6 దగ్గర ఆగిపోయింది. ఏమీ తప్పకుండా ఉన్నా కదలడం లేదు. జూన్ 5 రాత్రి పదకొండు దాటాక, అందరూ పడుకున్నారనుకుని వంటగదిలో లైటు వేయకుండా చాక్లెట్లు తింటున్నాను. కాగితాలు చెత్తబుట్టలో పైన వేస్తే కనిపిస్తాయని, అడుగుకి తోస్తున్నాను. వెనక్కి తిరిగితే మా అమ్మాయి. పదమూడేళ్లు దానికి. నీళ్లకోసం వచ్చింది. "అమ్మా, తినాలనిపిస్తే తినొచ్చు కదా. ఎందుకు దాక్కున్నావ్?" అంది. దాని గొంతులో వెక్కిరింత లేదు, భయం ఉంది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. నా చూపులు చెత్తబుట్ట మీదున్నాయి, దాని చూపులు నా మీదున్నాయి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అది నా దగ్గర ఏం నేర్చుకుంటోందన్న ఆలోచన వదల్లేదు. మర్నాడు బడి నుంచి వచ్చాక దాన్ని కూర్చోబెట్టి, నాకున్న ఆరోగ్య సమస్య ఏమిటో, ఎందుకు తిండి మార్చుకుంటున్నానో మామూలు మాటల్లో చెప్పాను. "రాత్రి దాక్కోవడం నాదే తప్పు, తినడం తప్పు కాదు" అన్నాను. నోట్‌బుక్‌లో ఆ పేజీ రాశాను: రాత్రి 11:10, చాక్లెట్లు ఆరు, నిద్ర ముందు రోజు ఐదు గంటలు, మెషీన్ మీద కోపం. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఏం తిన్నా కూర్చుని, ప్లేటులో పెట్టుకుని, లైటు వేసుకుని తినాలి. తీపి తిన్నా సరే. ఇంత చిన్న నియమం ఇంత పని చేస్తుందని అనుకోలేదు. ప్లేటులో పెట్టుకుంటే రెండు చాక్లెట్లు రెండుగానే కనిపిస్తాయి, మూడోది పెట్టుకోవాలంటే లేవాలి.

ఆగిపోయిన బరువు గురించి జూన్ 11న డైటీషియన్‌ని అడిగాను. "ఉదయం బరువు రోజూ చూడండి, లేదా వారానికోసారి చూడండి, మీ ఇష్టం. కానీ ఒక రోజు అంకెని నమ్మకండి, వారం సగటు చూసుకోండి" అన్నారు. నెలసరి ముందు నీరు నిలిచి కిలో పైనే పెరగొచ్చని, అది కొవ్వు కాదని అప్పుడు తెలిసింది. వెనక్కి వెళ్లి చూస్తే నా 'ఆగిపోయిన' మూడు వారాల్లో నడుము కొలత రెండు సెంటీమీటర్లు తగ్గి ఉంది. ఆ తర్వాత నేను వారానికోసారి చూసుకునే పద్ధతికి మారాను. రోజూ చూసుకుంటే ఆ రోజంతా నా మనసు ఎలా ఉండాలో మెషీనే చెప్పేది.

జూలై 7 పరీక్షలో హెచ్‌బీఏ1సీ 5.9, బరువు 74.6. డాక్టర్ గారు నవ్వారు. నేను ఆనందపడ్డాను గానీ ఎగిరి గంతేయలేదు. జనవరిలో 2.5 కిలోలకి పొంగిపోయిన తీరు గుర్తుంది. ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి, అందుకే ఈ పరీక్ష రెండు మూడు నెలల సగటుని చూపిస్తుంది. ఆ సగటులో మే 14 దాకా తప్పిన తొమ్మిది రోజుల్లో చాలావరకూ, జూన్ 5 రాత్రీ కూడా ఉన్నాయి. వాటితో కలిపే 5.9 వచ్చింది.

ఆగస్టులో నాలుగు రోజుల ప్రయాణం పడింది, దగ్గరి బంధువుల పెళ్లి. ముందే నిర్ణయించుకున్నాను: పెళ్లి భోజనం నచ్చినట్టు తింటాను, మిగతా పూటలు మామూలుగా. అలాగే తిన్నాను. వచ్చాక బరువు 1.4 కిలోలు ఎక్కువ చూపించింది. జనవరిలో ఏడ్చిన మనిషినే నేను, ఈసారి ఏమీ చేయలేదు. పూటలు మానలేదు, ఎక్కువసేపు నడవలేదు. ఆరో రోజుకి పాత అంకెకి వచ్చింది.

ఇక సెప్టెంబర్. దీన్ని వదిలేసి రాస్తే అబద్ధం రాసినట్టే. సెప్టెంబర్ 4న మా అమ్మకి ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో చేర్చాం. రాత్రులు నేనే ఉండేదాన్ని. కుర్చీలో నిద్ర, ఎప్పుడు దొరికితే అప్పుడు, ఏది దొరికితే అది తినడం. బిస్కెట్లు, తీపి పానీయాలు, చల్లారిపోయిన వేపుళ్లు. 19 రోజులు నోట్‌బుక్ తెరవలేదు. ఇది జారడం కాదు, పడిపోవడమే. అమ్మ ఇంటికొచ్చింది, కోలుకుంది. బరువు చూసుకుంటే 1.8 కిలోలు పెరిగాను, ఈసారి అది నీరు మాత్రమే కాదు.

సెప్టెంబర్ 23, మంగళవారం. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ, వచ్చే సోమవారం నుంచి మొదలుపెడదాం అన్న ఆలోచన పాత స్నేహితురాలిలా మళ్లీ వచ్చింది. దాన్ని గుర్తుపట్టాను. ఇంటికొచ్చి నోట్‌బుక్ తీసి, మంగళవారం రాత్రి 8:15 అని రాసి, రెండు గుడ్లు, ఉడికించిన కూరగాయలు తిన్నాను. అంతే. ఆ రాత్రి నాకు పెద్ద ఉత్సాహమేమీ లేదు, కళ్లు మూతలు పడుతున్నాయి. ఆ వారమే డైటీషియన్ దగ్గరికి వెళ్తే ఆవిడ ఒక మంచి మాట చెప్పారు. ఇల్లు తలకిందులైన రోజుల్లో బరువు తగ్గాలని చూడకూడదట. ఉదయం టిఫిన్ సరిగ్గా తినడం, పది నిమిషాలు నడవడం, నోట్‌బుక్‌లో ఒక్క లైను రాయడం, ఈ మూడే చేయాలట. "అమ్మ ఆసుపత్రిలో ఉంటే నేను డైట్ గురించి ఎలా ఆలోచిస్తాను మేడమ్?" అన్నాను. "డైట్ గురించి వద్దండీ, మీ గురించి ఒక్క లైను" అన్నారు.

ఆ రోజుల్లోనే ఒక అధ్యయనం గురించి చదివాను. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మందితో చేసినది, 2010లో ప్రచురించారు. కొత్త అలవాటు ఆలోచించకుండానే జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, ఒకరికి 254 రోజుల అంచనా. నన్ను పట్టి ఆపింది ఈ అంకెలు కాదు, ఇంకో మాట. మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదట. ఈ వాక్యం కాగితం మీద రాసి నోట్‌బుక్ అట్టలోపల అంటించాను.

డిసెంబర్ 1న పరీక్ష. హెచ్‌బీఏ1సీ 5.6. బరువు 71.9, అంటే మొదటి నుంచి 6.5 కిలోలు. ఎనిమిది శాతం పైన. పదకొండు నెలలకి ఇది తక్కువే అనిపించొచ్చు, నాకూ ఒకప్పుడు అనిపించేది. డాక్టర్ గారు, "మామూలు స్థాయికి వచ్చింది. కానీ ఇది నయమైపోయింది అనుకోవద్దు, పాత తిండికి వెళ్తే పాత అంకె వస్తుంది. ఆరు నెలలకోసారి చూపించండి" అన్నారు.

ఖర్చు గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. పరీక్షలు నాలుగు, డైటీషియన్ దగ్గరికి ఏడుసార్లు, త్రాసు ఒకటి, నడకకి బూట్లు ఒక జత. ఇదంతా కలిపినా, మొదటి మూడు నెలల్లో పౌడర్లకి, డైట్ బిస్కెట్లకి, యాప్‌కి, సగం తిని పారేసిన ప్రత్యేక తిండ్లకి పెట్టిన దానికంటే తక్కువ. రెండో ప్రోటీన్ డబ్బా సీలు కూడా తీయలేదు. డబ్బు కాని ఖర్చు ఒకటుంది, ఎవరూ ముందు చెప్పరు: సమయం. కూరగాయలు కోసుకోవడం, మధ్యాహ్నం డబ్బా సర్దుకోవడం, నడక, అన్నీ కలిపి రోజుకి గంటన్నర. ఆ గంటన్నర ఇంటి పనిలోంచి తీయాల్సి వచ్చింది. మా ఆయన రాత్రి గిన్నెల పని తీసుకున్నారు. అది జరగకపోయి ఉంటే ఏప్రిల్ తర్వాత కూడా నేను నిలబడేదాన్ని కాదు.

ఇంకో సంగతి. అదుపు తప్పి తినడం వారంలో చాలాసార్లు జరుగుతూ, ఆపుకోలేక, తిన్నాక వాంతి చేసుకోవడమో రోజుల తరబడి పస్తులుండటమో చేస్తున్నవాళ్లు ఉంటారు. వాళ్లకి నా నోట్‌బుక్ పద్ధతి సరిపోదు. అది చికిత్స ఉన్న జబ్బు, డాక్టర్‌ని కలవాలి. జనవరి, ఫిబ్రవరుల్లో నేను ఆ దారి మొదట్లోకి వెళ్లానేమోనని డైటీషియన్ చాలా ప్రశ్నలు అడిగారు. అడిగినందుకు ఆవిడకి కృతజ్ఞురాలిని.

ఏప్రిల్ 16 నుంచి డిసెంబర్ 1 దాకా, ఆ 19 రోజులు కాకుండా, తప్పినవి 31. అన్నీ రాసి ఉన్నాయి. ముప్ఫై ఒకటోది నవంబర్ 29, శనివారం రాత్రి, పరీక్షకి రెండు రోజుల ముందు. స్నేహితుల ఇంట్లో కేకు రెండు ముక్కలు, ఇంటికొచ్చాక ఐస్‌క్రీమ్, కూర్చుని, లైటు వేసుకుని. దాని కింద ఇంకో లైను ఉంది: ఆదివారం ఉదయం 7:40, గుడ్లు రెండు, పండు ఒకటి, ఆకలి మామూలుగానే ఉంది.